శాంపిల్ రేటు వేరు, సింబల్ రేటు వేరు

సంపాదకులు గారికి,
నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో చదివే రేడియో) మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇంజనీరింగ్ పిల్లలకు పనికొచ్చే ఇలాంటి సంగతిని తెలుగులో రాయించినందుకు చాలా సంతోషం. ప్రాజెక్టు కోసం ఖరీదైన పరికరాలు కొనక్కర్లేదు, కంప్యూటర్‌కు గుచ్చుకునే చిన్న డాంగిల్ చాలు అన్న మాట కూడా నిజమే. అయితే అందులో ఒక వాక్యం తప్పు. డాంగిల్ సెకనుకు 24 లక్షల శాంపిళ్లు తీస్తుంది గనుక సెకనుకు 24 లక్షల బిట్ల సమాచారం అందుతుందని, శాంపిల్ రేటు పెంచేకొద్దీ ఆ వేగం కూడా పెరుగుతుందని రాశారు. శాంపిల్ అంటే అందుకునేవాడు సిగ్నల్‌ను ఒకసారి కొలిచిన కొలత, సింబల్ అంటే పంపేవాడు సమాచారం మోయించి పంపే ఒక్కో గుర్తు. సెకనుకు ఇన్ని అని చెప్పే శాంపిల్ రేటునూ సింబల్ రేటునూ కలిపేయడం వల్ల వచ్చిన తప్పు ఇది. చూడ్డానికి చిన్నదే. కానీ ఆ వాక్యాన్ని నమ్మి ప్రాజెక్టు చేస్తున్న ఇద్దరు పిల్లలు నా షాపుకే వచ్చారు. అందుకే ఈ ఉత్తరం కొంచెం వివరంగా రాస్తున్నాను. జాగా చాలకపోతే కుదించండి, లెక్కలు మాత్రం మార్చకండి.

మూసాపేటలో నాది డిష్, టీవీ రిపేరు షాపు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చేసి ఈ పనిలోకి వచ్చాను. బోరబండ, మోతీనగర్, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి వైపు ఇళ్ల మీద డిష్‌లు బిగించడం, డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీలు మార్చడం, ఎండకు పగిలిన కేబుల్ తీసి కొత్తది లాగడం రోజూ ఉండే పని. సింబల్ రేటు అనే మాట ఇంజనీరింగ్ పుస్తకాల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. మాకది రోజూ రిమోట్‌తో కొట్టే అంకె.

డీడీ ఫ్రీ డిష్ సంగతే చూడండి. జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. మన ఊరి నుంచి డిష్‌ను ఆగ్నేయానికి తిప్పాలి. డిష్ కుదిరాక రిసీవర్ మెనూలోకి వెళ్లి కొత్త టీపీ (ట్రాన్స్‌పాండర్, అంటే ఉపగ్రహం కొన్ని చానళ్లను కలిపి పంపే దారి) కలపబోతే అది ముఖ్యంగా మూడు సంగతులు అడుగుతుంది: ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్ (తరంగం నిలువా, అడ్డమా అన్నది), సింబల్ రేటు. 11090, వి, 29500 అని కొడతాం. తెర కింద రెండు గీతలుంటాయి, ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. 29500 బదులు 27500 కొట్టి చూడండి. స్ట్రెంగ్త్ గీత కదలదు. క్వాలిటీ మాత్రం సున్నా. డిష్ కదల్లేదు, కేబుల్ తెగలేదు, ఉపగ్రహం నుంచి రావలసిన బలమంతా వస్తూనే ఉంది. పంపేవాడు సెకనుకు ఎన్ని సింబళ్లు పంపుతున్నాడో ఆ లెక్క మన పెట్టెకు తప్పుగా చెప్పాం, అంతే. 29500 అంటే సెకనుకు 2 కోట్ల 95 లక్షల సింబళ్లు. ఆ అంకెను ఎంచుకున్నది పంపే కేంద్రంవాళ్లు. మనం ఒప్పుకోవాలే గాని మార్చడానికి లేదు.

అదే మెనూ మొత్తం తిరగేయండి, శాంపిల్ రేటు అన్న గడి ఎక్కడా కనిపించదు. పెట్టె లోపలి చిప్ శాంపిళ్లు తీయకుండా ఏ పనీ చేయలేదు, అయినా మనల్ని అడగదు. ఎందుకంటే ఆ రేటు దాని సొంత వ్యవహారం. వచ్చే సిగ్నల్‌ను ఎంత వేగంగా కొలవాలన్నది అందుకునేవాడి ఇష్టం, ఆ సంగతి పంపేవాడికి తెలియనక్కర్లేదు. ఇంత స్పష్టంగా మన ఇళ్లలో టీవీ కింద ఉన్న పెట్టే చూపిస్తున్నది: సింబల్ రేటు పంపేవాడిది, శాంపిల్ రేటు అందుకునేవాడిది. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో జరిగిన మార్పల్లా ఆ రెండో అంకె చిప్ లోపలి నుంచి బయటికి వచ్చి మన చేతికి చిక్కడం. చేతికి చిక్కింది కాబట్టే పిల్లలు దాన్ని మొదటి అంకెతో కలిపేసుకుంటున్నారు.

బతుకమ్మ ఆడేటప్పుడు ఆడవాళ్లు పాట లయకు చప్పట్లు కొడుతూ తిరుగుతారు. దాన్ని ఫోన్‌లో వీడియో తీస్తాం. సెకనుకు 30 ఫ్రేములు పెట్టినా, 60 పెట్టినా నిమిషానికి పడే చప్పట్లు అవే. ఫ్రేములు పెంచితే ఒక్కో చప్పట్ను మరింత నిదానంగా చూడగలం, చప్పట్లు మాత్రం పెరగవు. ఫ్రేములు మరీ తగ్గించేస్తే రెండు ఫ్రేముల మధ్య చప్పట్లు జారిపోయి లయే తెలియదు. చప్పట్లు సింబళ్లు, ఫ్రేములు శాంపిళ్లు.

ఇక ఆ పిల్లల సంగతి. అపార్ట్‌మెంట్ పైన ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయో కింద సెల్లార్‌లో మోటారు దగ్గరికి వైర్లు లేకుండా చెప్పే యూనిట్ తయారు చేశారు. పని మంచిగా చేశారు, బోర్డు సోల్డరింగ్ కూడా శుభ్రంగా ఉంది. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకునే బ్యాండు ఉంది కదా, అందులో 866 దగ్గర చిన్న మాడ్యూల్ పెట్టారు. రెండు ఫ్రీక్వెన్సీల మధ్య మారుతూ సెకనుకు 9600 సింబళ్లు పంపుతుంది. ఒక్కో సింబల్‌కు ఒక బిట్. దాన్ని డాంగిల్‌తో పట్టి కంప్యూటర్‌లో చదవాలి. శాంపిల్ రేటు 24 లక్షలు పెట్టినప్పుడు చదివేది. మీ వ్యాసం చూశాక, వేగం పెరుగుతుందని 32 లక్షలకు పెంచారు. "అన్నా, రేటు పెంచినంక మొత్తం పిచ్చి అంకెలొస్తున్నయ్, ఎల్ఎన్‌బీ లాంటిదేమన్నా అడ్డం పెట్టాల్నా?" అని అడిగారు.

ప్రోగ్రామ్ తెరిచి చూస్తే పైన శాంపిల్ రేటు మారింది, లోపల ఒక సింబల్‌కు 250 శాంపిళ్లు అన్న అంకె అలాగే ఉంది. 24 లక్షలను 9600తో భాగిస్తే 250. అక్కడికి సరిపోయింది. 32 లక్షలను భాగిస్తే 333 చిల్లర. గాలిలో వచ్చే సింబల్ 333 శాంపిళ్ల పొడుగు ఉంటే ప్రోగ్రామ్ 250కి ఒకసారి కోస్తున్నది. వెయ్యి శాంపిళ్లు గడిచేసరికి అసలు వచ్చినవి మూడు సింబళ్లు, ప్రోగ్రామ్ రాసుకున్నవి నాలుగు బిట్లు. ఇంకోలా చెప్పాలంటే, ఎవరూ పంపని 12,800 సింబళ్ల సిగ్నల్ కోసం అది వెతుకుతున్నది. డిష్ రిసీవర్‌లో 29500కు బదులు 27500 కొట్టడమూ ఇదీ ఒకటే.

దానికి తోడు ఇంకో ఇబ్బంది. ఈ డాంగిళ్లలో ఉండే రియల్‌టెక్ ఆర్‌టీఎల్2832యూ చిప్ డిజిటల్ టీవీ చూడటానికి చేసింది. అది వడకట్టని శాంపిళ్లను నేరుగా కంప్యూటర్‌కు ఇవ్వగలదని 2012 ప్రాంతంలో బయటపడింది, అప్పటి నుంచి ప్రపంచమంతా రేడియోగా వాడుతున్నారు. కాగితం మీద 32 లక్షల దాకా వెళ్తుంది గాని, సుమారు 25 లక్షలు దాటాక యూఎస్‌బీ దారిలో శాంపిళ్లు మధ్యమధ్యలో జారిపోతాయి. జారిపోయిన చోట ఖాళీ అని గుర్తు కూడా ఉండదు, ముందుదీ వెనకదీ అతుక్కుపోతాయి. సింబళ్ల లెక్క అక్కడితో చెడుతుంది. అంటే ఆ సలహా పాటించినందుకు పిల్లల సమాచారం వేగం పెరగలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది.

మళ్లీ 24 లక్షలకు తెచ్చాం. సిగ్నల్‌ను తెర మధ్యకు జరిపి, చుట్టుపక్కలవి ఫిల్టర్‌తో తీసేసి, యాభైకి ఒక శాంపిల్ చొప్పున ఉంచితే 48,000 అయింది. సింబల్‌కు ఐదు శాంపిళ్లు. చదవడానికి అది చాలు, కంప్యూటర్‌కు భారమూ తగ్గింది. ఫిల్టర్ వేయకుండా యాభైకి ఒకటి ఏరుకుంటే మాత్రం పక్క సిగ్నళ్లన్నీ వచ్చి దీని మీదే పడతాయి, ఆ వరస తప్పకూడదు. సింబల్‌కు ఎన్ని శాంపిళ్లన్నది అంకెగా రాయకుండా, శాంపిల్ రేటును సింబల్ రేటుతో భాగించి ప్రోగ్రామే లెక్క వేసుకునేలా మార్పించాను.

పిల్లలు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. రికార్డు చేసుకున్న ఫైలు మీద దాని శాంపిల్ రేటు రాసి ఉండదు. లోపల ఉండేవి వట్టి అంకెలే. 24 లక్షల రేటుతో తీసిన ఫైలును 20 లక్షలనుకుని తెరిస్తే కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. 9600 సింబళ్లు 8000గా కనిపిస్తాయి, మధ్య నుంచి 600 కిలోహెర్ట్జ్ దూరంలో ఉన్న స్టేషన్ 500 దగ్గర కనిపిస్తుంది, పాట అయితే బొంగురుగా సాగుతుంది. ఫైలు పేరులోనే రేటు రాసుకునే అలవాటు మొదటి రోజే చేయించాలి.

మరి వ్యాసంలో చెప్పిన 24 లక్షల బిట్లు ఎక్కడి లెక్క? డాంగిల్ ఒక్కో శాంపిల్‌కు రెండు అంకెలిస్తుంది, ఐ అని ఒకటి, క్యూ అని ఒకటి (తరంగాన్ని పావు అల తేడాతో చూసిన రెండు కొలతలు). ఒక్కోటి 8 బిట్లు. కాబట్టి సెకనుకు 3 కోట్ల 84 లక్షల బిట్లు కంప్యూటర్‌లోకి వస్తున్నాయి. ఒక్క నిమిషం రికార్డు చేస్తే 288 మెగాబైట్లు. 24 లక్షలన్నది ఈ లెక్కకూ కుదరదు. పైగా ఇవి సమాచారం కాదు, కొలతలు. ఎఫ్‌ఎం స్టేషన్ పేరు కారు రేడియోలో కనిపించేలా చేసే ఆర్‌డీఎస్ పద్ధతి ఉంది కదా, దాని వేగం సెకనుకు 1187.5 బిట్లు. స్టేషన్ సిగ్నల్ లోపల ఆర్‌డీఎస్‌ను మోసే 57 కిలోహెర్ట్జ్ తరంగాన్ని (ఉపవాహకం) 48తో భాగించి ఆ రేటు పెట్టారు, అందుకే ఆ అరబిట్టు. డాంగిల్‌తో ఆర్‌డీఎస్ చదివామంటే 3 కోట్ల 84 లక్షల బిట్ల కొలతలు తీసుకుని, వాటిలోంచి 1187.5 బిట్లు ఏరుకున్నామన్నమాట. వాటిలోనూ ప్రతి 26 బిట్లకు 10 బిట్లు తప్పులు పట్టుకోవడానికే పోతాయి.

శాంపిల్ రేటు పెంచితే నిజంగా వచ్చేదేమిటో కూడా చెప్పాలి కదా. వెడల్పు వస్తుంది. డాంగిల్‌ను 102.3 మెగాహెర్ట్జ్ మీద పెట్టి రేటు 24 లక్షలు ఇవ్వండి. 101.1 నుంచి 103.5 దాకా ఒకే తెర మీద కనిపిస్తుంది. హైదరాబాద్ ఆకాశవాణి రెయిన్‌బో 101.9 ఎడమవైపు, వివిధ భారతి 102.8 కుడివైపు, రెండూ పక్కపక్కనే లేచి కనిపిస్తాయి. ఒకే రికార్డింగ్ నుంచి ఏది కావాలంటే అది వినొచ్చు. రేటును పది లక్షలకు తగ్గిస్తే 101.8 నుంచి 102.8 వరకే ఉంటుంది. రెయిన్‌బో ఎడమ అంచు తెగుతుంది, వివిధ భారతి సగమే మిగులుతుంది. ఇంకా తగ్గించి రెండున్నర లక్షలు చేస్తే తెర మీద రెండూ ఉండవు. ఇన్ని మార్పులు చేసినా స్టేషన్‌వాళ్లు పంపేదాంట్లో చుక్కంత తేడా రాదు. విద్యార్థులకు నేను మొదట చూపించేది ఇదే. పుస్తకంలో పేజీలు చదివినా పట్టుబడని సంగతి ఇక్కడ కళ్ల ముందే తేలిపోతుంది.

ఇక్కడే పిల్లలు ఒక మంచి ప్రశ్న అడుగుతారు. శాంపిల్ రేటు సిగ్నల్ వెడల్పుకు రెండింతలుండాలని చదువుకున్నాం, 24 లక్షల రేటుకు 12 లక్షల హెర్ట్జ్ వెడల్పే రావాలి కదా అని. ఆ సూత్రం ఒక్కో శాంపిల్‌కు ఒకే అంకె వచ్చినప్పటిది. ఐ, క్యూ రెండూ వస్తున్నాయి కాబట్టి ఆ రెండింతలు అక్కడే తీరిపోయింది. ఇంకొందరు, సింబల్ రేటుకు రెండింతలు శాంపిల్ రేటు ఉంటే చాలన్నదే ఆ సూత్రం అనుకుంటారు. సూత్రం సిగ్నల్ వెడల్పు గురించి, సింబళ్ల సంఖ్య గురించి కాదు. ఈ గందరగోళానికి పాత కారణం కూడా ఒకటి ఉంది. అమెరికా ఇంజనీరు హ్యారీ నైక్విస్ట్ 1928లో రాసిన పత్రం టెలిగ్రాఫ్ గురించి. ఇంత వెడల్పున్న దారిలో ఒకదాని మీద ఒకటి పడకుండా సెకనుకు ఎన్ని పల్సులు పంపొచ్చు అన్నది అందులో తేల్చాడు, వెడల్పుకు రెండింతలని. అది పంపేవాడి లెక్క. అందుకునే వైపు శాంపిళ్ల సూత్రాన్ని 1949లో అమెరికా గణితవేత్త షానన్ రాసిన పత్రం అందరికీ తెలిసేలా చేసింది, సోవియట్ ఇంజనీరు కొటెల్నికోవ్ 1933లోనే దాన్ని రాసి పెట్టాడు. పరీక్ష పేపర్లలో రెండింటికీ నైక్విస్ట్ రేటు అనే రాస్తారు. ఒకే పేరు మీద రెండు సంగతులు నేర్చుకున్న పిల్లాడు వాటిని కలిపేసుకుంటే తప్పు వాడిది కాదు. చెప్పేవాళ్లు అక్కడ ఒక్క నిమిషం ఆగి, ఇది పంపే వైపు, ఇది అందుకునే వైపు అని బోర్డు మీద రెండు గళ్లు గీస్తే చాలు.

శాంపిల్ రేటు చాలకపోతే ఏమవుతుందో మా డిష్ పనిలోనే చూడొచ్చు. 11090 మెగాహెర్ట్జ్‌లో వచ్చే సిగ్నల్‌ను యూనివర్సల్ ఎల్ఎన్‌బీ 9750 తగ్గించి 1340 మెగాహెర్ట్జ్‌గా కేబుల్‌లోకి దింపుతుంది. మామూలు డాంగిల్ 1766 దాకా ట్యూన్ అవుతుంది, అంటే 1340 దానికి అందుతుంది. అందుతుంది గనుక డాంగిల్‌తో ఫ్రీ డిష్ చానళ్లు చూడొచ్చా? చూడలేం. సెకనుకు 2 కోట్ల 95 లక్షల సింబళ్ల సిగ్నల్, దాని అంచుల వాలు కూడా కలుపుకుంటే దాదాపు 40 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. డాంగిల్ చూసేది 2.4. ఒక శాంపిల్ తీసేలోపు పన్నెండు సింబళ్లు వెళ్లిపోతాయి. ఏ ప్రోగ్రామ్ రాసినా అవి తిరిగి రావు. తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు కొంచెం పైకి లేచిన నురగే కనిపిస్తుంది.

అయినా ఆ డాంగిల్‌తోనే ఒక మంచి పని చేయొచ్చు. ఫ్రీక్వెన్సీని కొంచెం కొంచెంగా జరుపుతూ ఒక్కోచోట ఎంత బలం ఉందో రాసుకుంటూ పోతే, ముక్కలు కలిపి చూసినప్పుడు ట్రాన్స్‌పాండర్ మొత్తం బల్లపరుపుగా లేచి, రెండు పక్కలా వాలుతూ కనిపిస్తుంది. పై బలంలో సగానికి పడిపోయిన చోట ఇటు నుంచి అటు వెడల్పు కొలవండి. ఆ వెడల్పే సింబల్ రేటు, 29.5 దగ్గర వస్తుంది. లోపలి ఒక్క సింబల్‌ను కూడా చదవలేని పరికరం, అవి సెకనుకు ఎన్ని వస్తున్నాయో చెప్పగలుగుతుంది. నాకు ఈ విద్యలో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఇందులో ఒక్కో సింబల్ రెండు బిట్లు మోస్తుంది కాబట్టి మొత్తం 5 కోట్ల 90 లక్షల బిట్లు. ఎఫ్‌ఈసీ (తప్పుల దిద్దుబాటు నిష్పత్తి) 3/4 అయితే, దాని పైన ఉండే రెండో దిద్దుబాటుతో సహా తప్పులు దిద్దే బిట్లన్నీ తీసేశాక చానళ్లకు మిగిలేది సుమారు 4 కోట్ల 8 లక్షలు. బిట్ల వేగం ఇలా లెక్క కట్టాలి: సింబల్ రేటు, సింబల్‌కు ఎన్ని బిట్లు, దిద్దుబాటుకు ఎన్ని పోతాయి. ఎక్కడా శాంపిల్ రేటు రాదు.

గడియారాల సంగతి కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. సింబల్‌కు ఐదు శాంపిళ్లు అని లెక్క వేశాం, కానీ పంపేవాడి క్రిస్టల్ (పరికరానికి గడియారంలా లయ ఇచ్చే ముక్క), మన క్రిస్టల్ ఎప్పుడూ సరిగ్గా కలవవు. పది లక్షలకు ఇరవై తేడా ఉందనుకోండి, చౌక క్రిస్టళ్లలో అది మామూలే. సెకనుకు 48,000 శాంపిళ్లకు దాదాపు ఒక శాంపిల్ తేడా వస్తుంది. ఐదు సెకన్లు దాటేసరికి ఒక సింబలే అటూ ఇటూ అయిపోతుంది. ట్యాంకు యూనిట్ పంపే సందేశం సెకనులో చిన్న ముక్క సేపే ఉంటుంది కాబట్టి దానికి నష్టం లేదు. టీవీ సిగ్నల్ పగలూ రాత్రీ ఆగకుండా వస్తుంది, అదే తేడాకు అక్కడ సెకనుకు 590 సింబళ్లు తప్పిపోతాయి. అందుకే రిసీవర్లు ప్రతి సింబల్ నడిమధ్య ఎక్కడుందో వెతుక్కుంటూ తమను తాము సర్దుకుంటాయి. సింబల్‌కు రెండు శాంపిళ్లు తీసుకుని ఆ పని చేసే గార్డ్‌నర్ పద్ధతి 1986 నాటిది, ఇప్పటికీ వాడుతున్నారు. మెనూలో 29500 కొట్టాక క్వాలిటీ గీత లేచి నిలబడిందంటే, ఆ సర్దుబాటు కుదిరిందని కూడా అర్థం. డాంగిల్‌లో ట్యూనింగ్‌కూ శాంపిళ్లకూ ఒకటే 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. కాబట్టి తెలిసిన స్టేషన్ ఎంత పక్కకు జరిగి కనిపిస్తుందో కొలిస్తే శాంపిల్ రేటులో తేడా కూడా తెలిసిపోతుంది. రెండోసారి కొలవనక్కర్లేదు.

సంపాదకులు గారూ, నేను కోరేవి రెండే. మొదటిది, ఆ వాక్యానికి సవరణ వేయండి, అదే చదువుల పేజీలో, పిల్లల కంట పడే చోట. రెండోది కాలేజీలకు సంబంధించింది. నా దగ్గరికి వచ్చే పిల్లలు చెప్పేదాన్ని బట్టి ఒక కాలేజీలో ఖరీదైన రేడియో పరికరం ఉంది, తనిఖీలప్పుడు తప్ప బీరువాలోంచి బయటికి రాదు. ఆ పరికరం లేకపోయినా ఈ పాఠం చెప్పొచ్చు. గ్నూ రేడియో సాఫ్ట్‌వేర్ 2001 నుంచి ఉచితంగా ఉంది. డాంగిల్ కూడా లేకుండా, కంప్యూటర్‌లోనే సెకనుకు 50,000 సింబళ్ల క్యూపీఎస్‌కే (సింబల్‌కు రెండు బిట్లు మోసే పద్ధతి) సిగ్నల్‌ను, పల్సులను నునుపు చేసే ఫిల్టర్‌తో తయారు చేయించండి. ప్రతి శాంపిల్ పరిమాణాన్ని వర్గం చేసి స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలం ఉందో చూపే బొమ్మ) చూపించండి. 50 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి గీత ఒకటి నిటారుగా లేస్తుంది. శాంపిల్ రేటు 4 లక్షలు పెట్టినా, 6 లక్షలు పెట్టినా గీత 50 దగ్గరే ఉంటుంది. సింబల్ రేటు మారిస్తేనే కదులుతుంది. ఒక్క ల్యాబ్ పీరియడ్ చాలు. గాలిలోకి ఏదీ పంపడం లేదు కాబట్టి లైసెన్సు ప్రశ్న కూడా రాదు. రేడియో పంపడం కూడా నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు మన హైదరాబాద్‌లోనే 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని చక్కగా పంపొచ్చు.

డిష్ కేబుల్‌కు డాంగిల్ పెట్టి చూడొచ్చని పైన రాశాను కాబట్టి, చదివి వెంటనే ప్రయత్నించే పిల్లలకు ఒక మాట. సెట్‌టాప్ బాక్స్ ఎల్ఎన్‌బీకి అదే కేబుల్‌లో 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. పవర్ లేకపోతే ఎల్ఎన్‌బీ పని చేయదు, ఆ పవర్ నేరుగా డాంగిల్‌కు తగిలితే డాంగిల్ పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఒకవైపే పవర్ పాస్ ఉన్న శాటిలైట్ స్ప్లిటర్ అడగండి. పవర్ పాస్ ఉన్న వైపు బాక్స్, లేని వైపు డాంగిల్. డాంగిల్ ముందు డీసీ బ్లాక్ (సిగ్నల్‌ను పోనిచ్చి పవర్‌ను ఆపే ముక్క) కూడా పెట్టండి. బాక్స్ ఆన్ చేశాక, డాంగిల్ తగిలించేముందు ఆ కొసను మీటర్‌తో కొలిచి సున్నా వోల్టులు అని చూసుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
డిష్, టీవీ మెకానిక్,
మూసాపేట, హైదరాబాద్.